ఒక్క చీల

మేస్త్రి తాగుతున్నాడని ఇస్త్రీ వదిన అందట.

అన్నది ఇస్త్రీ వదిన, విన్నది పాలావిడ, మోసుకొచ్చి బూట్ల మేస్త్రి పెళ్ళాం చెవిన వేసిందీ ఆ పాలావిడే. "నేనన్నానని అనకు మేస్త్రమ్మా, ఆవిడన్న మాటే చెప్తున్నా. మొన్న సాయంత్రం మీ ఆయన కొట్టు తలుపు ముందు నిలబడి, తాళంచెవి తాళంలో దూర్చడానికి పావుగంట తిప్పలు పడ్డాడంట. టీ బండి దగ్గర రెండుసార్లు గ్లాసు జారవిడిచాడంట. ఒక గుండీ వదిలేసి ఇంకో గుండీ పెట్టుకుని వీధంతా తిరిగొచ్చాడంట. ఇన్ని లక్షణాలున్న మనిషి ఇంకేం చేస్తున్నట్టు అని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ అడిగింది. పాపం, ఎవరిదో చొక్కా కాలర్ మాడింది కూడా!" అని, పాలు పోసి, గిన్నె మీద మూత పెట్టి, చల్లగా వెళ్ళిపోయింది.

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి దగ్గర మేస్త్రమ్మకి తెలిసిన వాసనలు మూడే: తోలు, బంక, చెమట. అయినా అనుమానం ఒకసారి చెవిలో పడ్డాక ఊరుకుంటుందా? మొగుడు భోజనానికి కూర్చున్నప్పుడు వడ్డించే నెపంతో వంగి, ఆయన నోటి దాకా ముక్కు తీసుకెళ్ళింది.

"ఏంటే, కొరుకుతావా?" అన్నాడాయన.

తోలు, బంక, చెమట. నాలుగో వాసన లేదు. హమ్మయ్య అనుకునేలోపే ఆయన చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారి పళ్ళెంలో పడింది. ఇద్దరూ ఆ గ్లాసు వంకే చూశారు. 

పోయినవారం ఆ ఇంట్లో పెద్ద రభసే అయింది. మేస్త్రమ్మకి షుగరు వచ్చి పదకొండేళ్ళు. అరికాళ్ళలో స్పర్శ పోయి ఎనిమిదేళ్ళు. వాళ్ళ కూతురు చిన్నది షుగరు క్లినిక్కులో నర్సు. మందులు, మెత్తని బూట్లు కొనుక్కోలేని షుగరు మనుషుల కోసం విరాళాలు పోగుచేయడానికి ఆ క్లినిక్కు అయిదు కిలోమీటర్ల నడక పెట్టింది. అమ్మ మాత్రం నడవకూడదు, వెనక వ్యానులో కూర్చుని రావాలని చిన్నది పట్టుబట్టింది. మేస్త్రి చేతిలో ఉన్న తోలు కుట్టే ఆరె కింద పెట్టి, "ఆవిడ నడవకపోతే నా బూట్లు ఒక్క జత కూడా కొట్టు గడప దాటవు" అన్నాడు. చిన్నది దిగిరాక తప్పలేదు. నడిచే షుగరు మనుషుల కోసం ఆయన నెలన్నరగా కుడుతున్న ముప్పై ఎనిమిది జతలూ అప్పటికి కొట్లో అరల మీద వరసగా కూర్చుని ఉన్నాయి మరి.

వాటి పనితనం సంగతి ఒకటి చెప్పాలి. చెక్కపాదం మీద తోలు సాగదీసి, అది కదలకుండా చుట్టూ సన్నటి చీలలు కొడతాడు. బంక ఆరాక చీలలన్నీ ఒక్కొక్కటే ఊడబెరికి, చెక్కపాదం బయటికి లాగుతాడు. ఆ తర్వాత చెయ్యి లోపలికంటా పోనిచ్చి, మడమ నుంచి బొటనవేలి గూడు దాకా తడిమి చూస్తాడు. చీల ఒక్కటి మిగిలినా, కుట్టు ఒక్కటి లేచినా, స్పర్శ లేని కాలు అది చెప్పలేదు కదా! "కంటికి అందనిది నా చూపుడువేలికి అందుతుంది" అని ఆయన గొప్ప. ఉత్త గొప్ప కాదు. చెయ్యి తిరిగిన మేస్త్రి అని పక్క వీధుల వాళ్ళు కూడా ఒప్పుకున్నదే.

ఆ చేతులకి ఇంట్లో ఇంకో పని కూడా ఉంది. స్నానం కాగానే మేస్త్రమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటుంది. ఆయన కింద పీట వేసుకుని, ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు తుడిచి, అరికాళ్ళు తడిమి చూస్తాడు. ఎక్కడైనా బొబ్బ లేచిందా, వేడి పుట్టిందా, పగులుందా అని. ఎనిమిదేళ్ళలో ఒక్క పొద్దు తప్పలేదు. ఈ మధ్య ఆయనకి ముద్దు ఎక్కువైంది. అరికాలు పైకెత్తి చెంపకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోతున్నాడు. "ఛీ, వదులు, కూతురు చూస్తే నవ్విపోతుంది" అంటుంది మేస్త్రమ్మ. కాలు మాత్రం వెనక్కి తీసుకోదు.

నడక రోజు పొద్దున కూడా అలాగే చూసి, "అద్దంలా ఉన్నాయి. పద" అన్నాడు.

క్లినిక్కు ముందు మూడు వందల మంది దాకా చేరారు. షుగరు ఉన్నవాళ్ళ మణికట్టుకి నీలం రిబ్బను, తోడు నడిచేవాళ్ళకి తెల్ల రిబ్బను. నీలం వాళ్ళు ఎవరూ ఒంటరిగా నడవకూడదు, పక్కన ఒక తెల్ల రిబ్బను ఉండి తీరాలి అని చిన్నది మెడలో ఈల వేసుకుని అందరికీ వినబడేలా అరిచి చెప్పింది. మేస్త్రమ్మ నీలం రిబ్బను తానే కట్టుకుంది. మేస్త్రి తన తెల్ల రిబ్బనుతో కుస్తీ పట్టాడు. ముడి పడితేనా! రెండుసార్లు జారిపోయింది. చివరికి ఒక కొస పంటితో పట్టి లాగి కట్టుకున్నాడు. నలభై ఏళ్ళుగా దారానికి మైనం రాసి, కంటికి కనిపించని ముళ్ళు వేసిన మనిషి!

మేస్త్రమ్మ ఆ పంటి ముడి వంకే చూసింది. ఈ నడక అయ్యేలోపు అడిగేయాల్సిందే అనుకుంది.

ఈల మోగింది. జనం కదిలారు. ఆయన కుట్టిన బూట్లు ముందూ వెనకా ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. గోధుమరంగు తోలు, వెడల్పాటి ముందుభాగం, పక్కన చిన్న నీలం కుట్టు. బేకరీ తాత వాటిలో పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు. లెక్కల టీచరమ్మ ఆగి, కాలు ముందుకు చాపి, "మేస్త్రీ, కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదయ్యా!" అంది.

"అది నా పనితనం కాదమ్మా, మీ షుగరు" అన్నాడు మేస్త్రి. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. నవ్వకపోతే ఎలా? అందరిదీ అదే కథ.

ఆయన కాళ్ళకీ కొత్త బూట్లే. మిగిలిన తోలు ముక్కలతో నిన్న ఆఖరున కుట్టుకున్నాడు. ముప్పై తొమ్మిదో జత.

పోస్టాఫీసు దాటాక జనం పల్చబడ్డారు. మేస్త్రమ్మ గొంతు సవరించుకుంది.

"ఏమయ్యా, ఒకటి అడుగుతా. కోప్పడకూడదు."

"నడుస్తూ కోప్పడితే ఆయాసం వస్తుంది. అడుగు."

"తాగుతున్నావా?"

"ఏంటి, టీనా?"

"టీ అయితే ఇస్త్రీ వదిన ఎందుకు వీధంతా దండోరా వేస్తుంది?"

మేస్త్రి టక్కున ఆగాడు. పగలబడి నవ్వడానికి నోరు తెరిచాడు కానీ, ఆ నవ్వు ఎందుకో సగంలోనే ఆరిపోయింది. పెళ్ళాం మొహం చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

"అవును" అన్నాడు.

"ఏంటి అవును?"

"అదే. అప్పుడప్పుడు. ఒళ్ళు నొప్పులకి."

మేస్త్రమ్మకి కాళ్ళ కింద నేల ఎప్పుడో తెలియకుండా పోయింది. ఇప్పుడు ఆ నేల ఉందో లేదో కూడా అనుమానం వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. పక్కన మనిషి లేనట్టు ముందుకు నడిచింది. ఆయన నాలుగడుగుల వెనక, కుంటకుండా, ఎప్పట్లా ఈలపాట పాడకుండా, తల దించుకుని నడిచాడు.

సగం దారిలో గ్రంథాలయం వరండాలో నీళ్ళు, కుర్చీలు పెట్టారు. పది నిమిషాలు కూర్చుని జనం లేచి వెళ్ళిపోతున్నారు. బూట్లు విప్పించి కాళ్ళు చూసేది చివర్లోనే, క్లినిక్కుకి తిరిగొచ్చాక. మేస్త్రమ్మ స్తంభం పక్కన కుర్చీలో కూలబడింది. మేస్త్రి అలవాటు కొద్దీ ఆమె ముందు గొంతుక్కూర్చుని, బూటు లేసు మీద చెయ్యి వేశాడు. అరిగిపోయిన పాట పాడినట్టు, "ఏదీ, చూడనీ" అన్నాడు.

ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"తాగిన చేతుల్తో నా కాళ్ళు ముట్టుకోకు."

ఎనిమిదేళ్ళలో ఆ కాలు ఆ చేతుల్లోంచి వెనక్కి పోవడం అదే మొదటిసారి. మేస్త్రి లేచి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. మేస్త్రమ్మ ఆయన మొహం చూడకూడదని చూపు నేల మీదికి దించుకుంది. అప్పుడు కనబడింది.

తెల్లటి గచ్చు మీద, మెట్ల దగ్గర్నుంచి తన కుర్చీ దాకా, అడుగు విడిచి అడుగు, రూపాయి బిళ్ళంత ఎర్రటి మరకలు. ఎడమ కాలివే. ఆఖరి మరక మేస్త్రి బూటు కిందికి దూరి ఉంది.

"ఏమయ్యా, కాలికేమైంది?"

"ఎవరి కాలికి?"

"నీ కాలికి! రక్తం!"

ఆయన కిందికి చూసుకున్నాడు. ఆ చూపులో నొప్పి లేదు. వేరెవరి కాలో చూస్తున్నట్టు ఉంది. "ఎవరిదో అయ్యుంటుంది" అన్నాడు.

"కూర్చో."

"నాకేం కాలేదే..."

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాడు. ఇన్నేళ్ళకి తిరగబడింది వరస. ఆమె కింద కూర్చుంది, ఆయన కాలు ఆమె ఒళ్ళోకి వచ్చింది. లేసు విప్పి బూటు లాగితే మేజోడు తడిసి అతుక్కుపోయి ఉంది. మెల్లగా ఒలిచింది. మడమకి కాస్త ముందు సన్నటి చిల్లు, దాని చుట్టూ చిట్లిన చర్మం. బూటు బోర్లించి, లోపలి అట్ట వెలుతురుకి తిప్పి చూసింది. నిగనిగలాడుతూ ఒక్క చీల పైకి తల ఎత్తి నిలబడి ఉంది.

రెండున్నర కిలోమీటర్లు దాని మీద నడిచాడు!

మేస్త్రమ్మకి కోపం ఎటు పోయిందో పోయింది. ఆమెకి తెలియని కాలు కాదది. ఎనిమిదేళ్ళుగా తనకున్నది అలాంటి కాలే. ఒకసారి వంటింట్లో గాజుపెంకు గుచ్చుకుంటే, గచ్చు మీద మరక చూసి ఇలాగే "ఎవరిది" అని అడిగింది తను.

ఆ చీల గోటితో పెకిలించి చేతిలోకి తీసుకుంది.

"కళ్ళు మూసుకో" అంది.

"ఎందుకే, అందరూ చూస్తున్నారు..."

"మూసుకో. చెయ్యి చాపు."

ఆయన కళ్ళు మూసుకుని కుడిచెయ్యి చాపాడు. ఆమె ఆ చీలని ఆయన చూపుడువేలి కొసకీ బొటనవేలి కొసకీ నడుమ పెట్టి, ఆ రెండు వేళ్ళూ తన చేత్తో దగ్గరికి నొక్కింది.

"ఏముంది చేతిలో?"

"నువ్వు పట్టుకున్నావు. నా మణికట్టుకి తగులుతోంది నీ చెయ్యి."

"నా చెయ్యి కాదు. వేళ్ళ మధ్య ఏముంది?"

"ఇంకా ఏం పెట్టలేదుగా" అన్నాడు మేస్త్రి.

 ఆయన కళ్ళు తెరిచాడు. తన వేళ్ళ మధ్య ఉన్న చీలని చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది మేస్త్రమ్మ.

"కాళ్ళైతే ఏడాది దాటింది. దూది మీద నడుస్తున్నట్టుండేది. నా బూట్ల మెత్తదనమే అనుకున్నా. నా పనితనానికి నేనే మురిసిపోయా." నవ్వబోయాడు. "వేళ్ళు ఆర్నెల్లు. సూదిలో దారం ఎక్కదు. గుండీ దొరకదు. గ్లాసు పట్టుకున్నాననే అనుకుంటా, అది కింద ఉంటుంది."

"పరీక్ష చేయించుకోమని చిన్నది ఎన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడింది! రోజూ సూదితో పొడుచుకునేవాణ్ణి, నాకు వేరే సూదెందుకని జోకులు వేశావు. తెలిసి తెలిసి ఎందుకు దాచావయ్యా? తాగుతున్నానని నాతో అబద్ధం కూడా ఆడావు! ముప్పై రెండేళ్ళలో మొదటి అబద్ధం, అదీ ఇదా?"

మేస్త్రి వరండా అవతలికి చూశాడు. బేకరీ తాత తన తెల్ల రిబ్బను మనవరాలి చెయ్యి పట్టుకుని మలుపు తిరుగుతున్నాడు.

"తాగుబోతు మొగుడైతే తిట్టుకుంటావు, అలవాటు పడతావు" అన్నాడు. "చేతులు పోయాయని తెలిస్తే నీ కాళ్ళు నాకిస్తావా? పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చుంటావా? నీకు నువ్వు వంగి చూసుకోలేవు. ఇంక వాటిని ఎవరు చూస్తారు?"

మేస్త్రమ్మ ఆయన కాలు ఒళ్ళోంచి దించలేదు. చీర కొంగు తీసి ఆ చిల్లు మీద అదిమి పట్టుకుంది. "పిచ్చి మనిషీ" అంది. ఇంకేదో అనబోయింది. "పిచ్చి మనిషీ" అనే మళ్ళీ అంది.

చిన్నది మందుల పెట్టెతో పరిగెత్తుకొచ్చింది. మరకలు చూసిన ఎవరో చెప్పి పంపారు. నర్సు కదా, ముందు గాయం కడిగింది, కట్టు కట్టింది, ఆ తర్వాతే నాన్న మొహం చూసింది. వేలి కొసన సూది గుచ్చి, నెత్తుటి చుక్క తీసి మీటరులో పెట్టింది. ఆయన వేరే వైపు చూస్తూ, "గుచ్చు మరి" అన్నాడు.

"గుచ్చాను నాన్నా."

మీటరు మీద అంకె వచ్చింది. చిన్నది దాన్ని ఒకసారి చూసి, తుడిచి, ఇంకోసారి చూసింది. పెట్టెలోంచి నీలం రిబ్బను తీసి, నాన్న మణికట్టుకున్న తెల్ల రిబ్బను పంటి ముడి విప్పడానికి కిందా మీదా పడింది. "ఎలా కట్టావు నాన్నా దీన్ని" అంది. తెల్లది విప్పి, నీలం కట్టి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నీ బూట్లు విప్పు. త్వరగా!"

విప్పింది. చిన్నది లోపలంతా తడిమింది. చీలలు లేవు. అరికాళ్ళు రెండూ పైకెత్తి, టార్చి వేసి, వేళ్ళ సందులన్నీ చూసింది. చిన్న గీత లేదు, ఎర్రదనం లేదు. నిజంగానే అద్దంలా ఉన్నాయి.

"నాన్నా" అంది నెమ్మదిగా. "ఆర్నెల్లనుంచి నీ వేళ్ళకి స్పర్శ లేదు. అమ్మ కాళ్ళు రోజూ నువ్వే చూస్తున్నావు. పోయిన నెల మడమలో పగులు మొదలవుతుంటే మాకంటే ముందు నువ్వే పట్టుకున్నావు. ఎలా పట్టుకున్నావు?"

మేస్త్రి తల తిప్పుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మేస్త్రమ్మకి ఒక్కసారిగా వెలిగింది. కిటికీ పక్కన కుర్చీ, పొద్దుటి ఎండ, తన అరికాలికి ఆనిన ఆ మాసిన గడ్డం, మూసుకున్న కళ్ళు. ముద్దనుకుంది తను! ముసలితనంలో మురిపెం అనుకుని, సిగ్గుపడి, ఛీ అని, లోలోపల మురిసిపోయింది.

"చెంపతో" అంది. "చెంపతో చూశాడే. వేడీ, గరుకూ... అన్నీ చెంపతో."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి ఆమె తల మీద చెయ్యి వేశాడు. జుట్టు ఆ వేళ్ళకి తెలుస్తోందో లేదో ఆమె అడగలేదు. ఆ ముగ్గురూ అలా ఎంతసేపు ఉండేవాళ్ళో గానీ, వీధిలో చప్పట్లు వినబడ్డాయి. నడక ముందుభాగం వంతెన ఎక్కినట్టుంది. గోధుమరంగు తోలు, పక్కన నీలం కుట్టు. ముప్పై ఏడు జతలు, ఏ రాయి గుచ్చుకున్నా ఏ చీల దిగినా చెప్పలేని కాళ్ళకి తొడుక్కుని, నవ్వుకుంటూ, చేతులు ఊపుకుంటూ, ఇంకా రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న క్లినిక్కు వైపు వెళ్ళిపోతున్నాయి.

చిన్నది చెయ్యి మెడలోని ఈల మీదికి వెళ్ళింది. మొహంలో రంగు మారింది.

"అమ్మ కాళ్ళు చెంపతో చూశావు. సరే నాన్నా" అంది. "మరి ఆ బూట్ల లోపల దేంతో చూశావు?"

మేస్త్రి గచ్చు మీద పడి ఉన్న చీలని చూశాడు. తన వేళ్ళని చూసుకున్నాడు.

"బూట్లోకి చెంప పట్టదమ్మా" అన్నాడు.